అతుకుల్లో వంటిల్లు

పోయిన వారం తొమోయెని మనం ఏమంత మంచి చోట వదిలిపెట్టలేదు. తకిమినె ఆలయపు అయిదంతస్తుల గోపురంలో, నాలుగో అంతస్తు పరంజా పలకల మీద బోర్లా పడుకుని, రెండు దూలాలు కలిసే అతుకులోకి టార్చి వేసి చూస్తోంది. దేశమంతా నెలల తరబడి చెప్పుకుంటున్న 'రహస్య గుర్తుల్లో' ఒకదాన్ని మొదటిసారి కళ్లారా చూసింది. మూడు మూలలు, అడుగున ఒక నల్లటి పట్టీ. చూడగానే ఒళ్లు జలదరించింది. ఎందుకంటే అది వందల ఏళ్ల నాటి గుర్తు కాదు. ఆమె ఇంటి వంటగది తలుపు మీద ఉన్న గుర్తు. గీసినవాడు ఆమె మొగుడు గెంగో. ఈ గోపురం పనికనే తొమ్మిదేళ్ల కిందట ఇంట్లోంచి బయల్దేరి, మళ్లీ గడప తొక్కని మనిషి. అదిగో, సరిగ్గా అప్పుడే ఆమె వెనక చెక్క మెట్లు కిర్రుమన్నాయి.

వచ్చినవాడు పెద్ద మేస్త్రి కురామోచి. గోపురం మరమ్మతు మొత్తం ఆయన చేతి మీదుగానే నడుస్తోంది. గెంగోకి ఉలి పట్టడం నేర్పిన గురువు. తొమోయెతో అతని పెళ్లి కుదిర్చిన పెద్దమనిషి కూడాను.

"భోజనాల వేళ ఇక్కడేం చేస్తున్నావే పిచ్చిదానా?" అన్నాడు రొప్పుతూ. "కింద నీ డబ్బా చల్లారిపోతోంది."

తొమోయె టార్చి ఆర్పేసింది. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆమె పరిస్థితి. నిజానికి దొంగతనం ఏదైనా జరిగి ఉంటే అది ఆమె చేసింది కాదు.

"కొలత ఒకటి మిగిలిపోయింది మేస్త్రిగారూ," అంది.

"ఏ కొలత?"

తొమోయె పరంజా అంచు మీంచి కిందికి చూసింది. కింద నుంచి జనం గోల వినిపిస్తోంది. ఆ రోజు సందర్శకుల రోజు. మరమ్మతులో ఉన్న గోపురాన్ని వానకి తడవకుండా పెద్ద రేకుల షెడ్డుతో కప్పి, అప్పుడప్పుడు జనాన్ని లోపలికి వదులుతారు. మామూలుగా అయితే తీరిక ఉన్న నలుగురు ముసలివాళ్లు వచ్చి, నోరు తెరుచుకుని పైకి చూసి, మెడ నొప్పి తెచ్చుకుని వెళ్లిపోయేవారు. ఈ ఏడు అలా కాదు. ఆచార్య హనవా గారి పుస్తకం వచ్చాక తిరునాళ్లే. గోపురం అతుకుల్లో దొరికిన ఈ గుర్తులన్నీ ఒక రహస్య సంఘం దాచిన సంకేతాలట. మూడు మూలలంటే పవిత్రమైన కొండ. మూడు అలలంటే భూమి కింద పారే నది. చుక్క పెట్టిన గుండ్రమంటే బంగారం. చతురస్రమంటే పునాది కింద రాతి గది. అన్నీ కలిపి చదివితే ఎక్కడో నిధి ఉందట. టీవీలో ఆయన కళ్లు పెద్దవి చేసి చెబుతుంటే చూసేవాళ్లకి నిద్ర పట్టడం లేదు. ఆలయం బయట ఒక ఆవిడ మూడు మూలల బన్నులు చేసి 'రహస్యం బన్ను' అని అమ్ముతోంది. లోపల తియ్యటి చిక్కుడు ముద్ద తప్ప మరే రహస్యమూ లేదు. అయినా బన్నులు మధ్యాహ్నానికల్లా అయిపోతున్నాయి.

కురామోచి పలక మీద కూలబడి, భుజాన వేలాడుతున్న ఫ్లాస్కు తీసి, మూతలో టీ పోశాడు. ముందు ఆమెకే ఇచ్చాడు. ఎప్పుడూ అంతే.

"చూశావన్నమాట," అన్నాడు.

తొమోయె మూత అందుకుంది. టీ మాత్రం తాగలేదు.

"నిన్ను ఈ పనిలో పెట్టుకోవద్దని ఆఫీసువాళ్లకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అతుకులకి నకలు బొమ్మలు గీసే ముసలాయన మంచాన పడ్డాడు, ఈవిడ చేతిలో గీత బాగుంది అని వాళ్లు తీసుకున్నారు. నా మాట ఎవడు వింటాడు?"

ఆ మాట తొమోయెకి గుర్తుంది. 'ఎత్తు మీద పని, దుమ్ము, పైగా గెంగో తిరిగిన చోటు, నీకెందుకమ్మా' అన్నాడు ఆ రోజు. నా మీద ఎంత దయో అనుకుని ఇంటికెళ్లి ఏడ్చింది. ఇప్పుడా ఏడుపు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

"మేస్త్రిగారూ," అంది. "ఈ దూలానికి ముద్ర లేదు."

ఆయన తల ఊపాడు, ఎవరో వాతావరణం గురించి చెప్పినట్టు.

ఇక్కడ ఒక్క మాట. పాత గోపురాన్ని విప్పి మళ్లీ కట్టేటప్పుడు పుచ్చిపోయిన చెక్క తీసేసి కొత్తది వేస్తారు. వేసిన ప్రతి కొత్త ముక్క మీదా, అతుకు లోపల, ఎర్రగా కాల్చిన ఇనప ముద్రతో ఆ ఏడాది పేరు వేస్తారు. బయటికి కనపడదు. మళ్లీ ఏ మూడు వందల ఏళ్లకో ఎవడో విప్పినప్పుడు, 'ఇది మాది, పాతవాళ్లది కాదు' అని వాడికి తెలియాలి. కొత్త చెక్కని ముద్ర లేకుండా పాతదిగా పంపడమంటే, ఆలయాల వడ్రంగికి తల్లి పాలు తాగి రొమ్ము గుద్దడంతో సమానం. గెంగో ఒకసారి జ్వరంతో ఉండి ఒక చిన్న చెక్క మేకుకి ముద్ర వేశానో లేదో అన్న అనుమానంతో అర్ధరాత్రి లేచి కూర్చున్నాడు. తెల్లారేదాకా తొమోయె అతని వీపు నిమురుతూ కూర్చోవలసి వచ్చింది.

"చెక్క కొత్తది," అంది తొమోయె. "పైన పాతదానిలా చేశారు. లోపల వాసన ఇంకా దేవదారు వాసనే. ముద్ర ఉండాల్సిన చోట ఆయన గీసిన గుర్తు ఉంది."

"వాడి చేతి నాణ్యమే వేరు," అన్నాడు కురామోచి. ఆ గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు. "ఈటెలాంటి పాత చిత్రిక పట్టి చెక్క మీద పాతకాలపు అలల గీతలు తీయడం ఈ దేశంలో వాడికొక్కడికే వచ్చు. నాకూ రాదు. పొగ పట్టించి, ఇనప తుప్పు నీళ్లు తాగించి తెస్తే, ఎనిమిది వందల ఏళ్ల చెక్క పక్కన పెట్టినా పోల్చుకోలేవు."

"పాతవి ఏమయ్యాయి?"

"అడక్కు."

"ఏమయ్యాయి మేస్త్రిగారూ?"

"అడక్కన్నానా!" అరిచి, కిందికి వినపడిందేమోనని ఒక్కసారి వంగి చూశాడు. గొంతు తగ్గించాడు. "తమ ఇంటి టీ వేడుకల గదిలో ఒక్క పాత స్తంభం నిలబెట్టుకోడానికి ఇల్లూ వాకిలీ రాసిచ్చేవాళ్లుంటారు. అడిగినవాళ్లు చిన్నవాళ్లు కారు. నేను కాదంటే నా స్థానంలో ఇంకొకడు వచ్చి అవునంటాడు. అంతే సంగతి. మొదట ఒక్క దూలమే అన్నారు. ఒక్కటి అన్నది ఎప్పుడైనా ఒక్కటితో ఆగిందా?"

షెడ్డు రేకుల మీద వాన మొదలైంది. చినుకులు దడదడా కొడుతుంటే మాటలు వినపడడానికి ఇద్దరూ దగ్గరికి జరగాల్సి వచ్చింది. చూసేవాళ్లకి తండ్రీ కూతుళ్లు కబుర్లు చెప్పుకుంటున్నట్టే ఉంటుంది.

"నాకొకటి చెప్పు," అన్నాడు కురామోచి. "ఆ హనవా వాగేదంతా వాగుడే. అది నాకు మేలే చేసింది. గుర్తులు పాతవి అని వాడంటే చెక్క కూడా పాతదే అని జనం నమ్మారు. రేపు పొద్దున మరమ్మతు తనిఖీ చేసే పెద్ద అధికారులొచ్చి, అవును, ఇవి ప్రాచీనమైనవే అని సంతకాలు పెడతారు. పెట్టగానే అతుకు మూసేస్తాం. మళ్లీ తెరిచేనాటికి నువ్వూ ఉండవు, నేనూ ఉండను. కానీ ఆ గుర్తులు గెంగోవి. ముద్ర ఇనుము వాడికి ఇవ్వకుండా దాచేశాను కదా, ఆ కోపంతో ఏదో గీశాడు. ఏం గీశాడు? నా పేరా? కొనేవాళ్ల పేర్లా? చెరిపేద్దామంటే సిరాని చెక్క లోతుగా తాగేసింది. రాత్రిళ్లు కళ్లు మూస్తే ఆ మూడు మూలలే కనిపిస్తున్నాయి. నీకు తెలుసు. నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఏమిటది?"

తొమోయె ఆయన వైపు చూసింది. ఇంత పెద్ద మనిషి ఒక గీతకి ఇంతగా భయపడతాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

గెంగో మాటల మనిషి కాదు. పెళ్లైన కొత్తలో నోట్లోంచి మాట ఊడిపడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. పొద్దున్నే చీకటితో పనికి పోయేవాడు, అప్పటికి తొమోయె నిద్ర లేచేది కాదు. లేపడం ఇష్టం లేక, చెవి మీద దోపుకున్న వెదురు పుల్ల సిరాలో ముంచి, వంటగది తలుపు మీద ఒక గుర్తు వేసి పోయేవాడు. రాత్రికి ఏం తినాలనుందో అది. ఆమె వండితే కింద ఒక చిన్న గీటు పెట్టేది. అంతే వాళ్ల కాపురంలో ఉత్తర ప్రత్యుత్తరాలు. అత్తగారు వచ్చి తలుపంతా పాడు చేశారని చీవాట్లు పెట్టేది. ఆ తలుపుని తొమోయె తొమ్మిదేళ్లుగా తుడవలేదు.

"అన్నం ముద్ద," అంది.

"ఏమిటీ?"

"నిప్పుల మీద కాల్చిన అన్నం ముద్ద. మూడు మూలలుగా చేస్తాం కదా. కింద ఆ నల్ల పట్టీ సముద్రపు నాచు ఆకు. పట్టుకోడానికి చుడతాం. ఆయనకి అదంటే ప్రాణం."

కురామోచి నవ్వడం మొదలెట్టాడు. ముందు ముక్కులోంచి, తర్వాత పొట్టలోంచి. పరంజా ఊగింది. నవ్వీ నవ్వీ కళ్ల వెంట నీళ్లు కారాయి. తువ్వాలుతో తుడుచుకుంటున్నా ఆగలేదు.

"అన్నం ముద్దా! ఓరి వీడి దుంపతెగ! అన్నం ముద్దకి భయపడి నేను నిద్ర మానేశానా! కొండట, నదట, నిధట! ఆ హనవాకి చెబితే గోపురం మీంచి దూకుతాడు!"

తొమోయెకి నవ్వు రాలేదు. మిగిలిన గుర్తులు ఆమె కళ్ల ముందు ఒక్కొక్కటే వరసగా నిలబడ్డాయి. మూడు అలలంటే సోబా నూడుల్సు. చుక్క పెట్టిన గుండ్రమంటే గుడ్డు. చతురస్రమంటే టోఫు, సోయా పాల జున్ను. పుస్తకంలో అచ్చు వేసినప్పుడు చక్కగా గీతలు దిద్ది వేశారు, అందుకే ఆమె పోల్చుకోలేకపోయింది. మనిషి ఎక్కడో ఒంటరిగా కూర్చుని, తనకి పేరు పెట్టుకునే హక్కు కూడా లేని చెక్క మీద, ఒక్కో దూలానికీ ఒక్కో పూట భోజనం అడిగాడు. ఎవరూ వండలేదు. కింద గీటు పెట్టేవాళ్లు లేరు. లక్షల మంది ఆ గుర్తులు చూశారు, గీసిన మనిషికి ఆకలేస్తోందని ఒక్కరికీ తట్టలేదు.

"ఆయనెక్కడ?" అంది.

నవ్వు ఆగిపోయింది.

"ఎక్కడున్నాడు మేస్త్రిగారూ? చెక్క ఎక్కడ తయారయ్యేది?"

కురామోచి ఫ్లాస్కు బిరడా బిగించాడు. బిగించిందే మళ్లీ బిగించాడు.

"పోయాడమ్మా," అన్నాడు.

వాన చప్పుడులో సరిగ్గా వినపడలేదన్నట్టు తొమోయె ముందుకి వంగింది.

"ఒకుదాని కొండ మీద మన పాత షెడ్డు ఉంది చూడు, అక్కడ పని చేసేవాడు. వెళ్లిన రెండో చలికాలంలోనే. మంచు బాగా పడింది. పొద్దున నేను వెళ్లేసరికి బయట పడి ఉన్నాడు. డాక్టరుని పిలిస్తే అంతా బయటపడుతుంది. నేనే... నేనే ఆ దేవదారుల కింద పాతిపెట్టాను. మంత్రం నేనే చదివాను. నన్ను తిట్టు. కొట్టు. నీ ఇష్టం."

తొమోయె కొట్టలేదు. తిట్టనూ లేదు. ఇన్నేళ్లు ఊరంతా అన్న మాటలు గిర్రున తిరిగాయి తలలో. వేడినీళ్ల ఊళ్లో ఎవరితోనో ఉన్నాడని ఒకరు, ఒసాకాలో చూశామని ఒకరు, మాట్లాడని మొగుడు పారిపోతే తెలిసేదెట్లా అని నవ్వినవాళ్లు ఇంకొందరు. అవన్నీ ఆమె నమ్మలేదు. అలాగని పూర్తిగా కొట్టిపారేయనూ లేదు. ఎవరితోనైనా ఉన్నా సరే, బతికుంటే చాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్న రోజులున్నాయి. ఇప్పుడు అదీ లేదు.

"గెంగో అన్న కోర్టు కాగితం పంపాడన్నావు కదా," అన్నాడు కురామోచి మెల్లగా. "గెంగో పోయినట్టే లెక్క అని రాయించేది. సంతకం పెట్టెయ్యి తల్లీ. అబద్ధం కూడా కాదు. సమాధికి రాయి నేను వేయిస్తాను. నీకు ఏ లోటూ రానివ్వను. రేపు ఆ అతుకు మూసుకోనీ. వాడి పేరు కూడా మచ్చ లేకుండా మిగులుతుంది. నోరు తెరిచావంటే ముందు దొంగయ్యేది వాడే. చెక్క చేసింది వాడు కదా."

ఆయన గొంతు ఇంకా మెత్తబడింది.

"నీకెవరున్నారు చెప్పు? ఈ తొమ్మిదేళ్లు నీ వాకిట్లో మంచు ఊడ్చిందెవరు? కొత్త సంవత్సరానికి బియ్యం రొట్టెలు తెచ్చిందెవరు? నీకు న్యుమోనియా వస్తే ఆసుపత్రి కుర్చీలో కూర్చున్నదెవరు? నేను చెడ్డవాణ్ణే. కానీ నేను కూడా లేకపోతే నీ గుమ్మం ఎవరు తొక్కుతారే?"

ఇదే తొమోయెని నిలువునా కోసేసింది. ఎందుకంటే అది నిజం. ఆ ఇంటికి ఇన్నేళ్లలో వచ్చిన మనిషి ఈయనొక్కడే. పండగ రోజున ఎవరి అడుగుల కోసం చెవులు రిక్కించి కూర్చునేదో, అవి ఈయన అడుగులే. అత్తింటివాళ్లు మొహం చాటేశారు. ఇరుగుపొరుగు జాలిపడీ జాలిపడీ విసిగిపోయారు. ఈయన వచ్చి అడుగున కుంపటి ఉన్న పొట్టి బల్ల కింద కాళ్లు చాపుకుని నారింజలు ఒలిచి పెడుతుంటే, నాకింకా ఒక తండ్రి ఉన్నాడనుకుంది. దయ కాదది, కాపలా. ఆమె ఎవరితోనూ కలవకుండా, ఎక్కడికీ పోకుండా, ఏమీ అడక్కుండా ఒంటరిగా ఉండాలి. ఆయనకి కావాల్సింది అదే. తను ఒంటరి కావడం ఇంకొకరి అవసరం అయి ఉండొచ్చని ఆమెకి ఏనాడూ తోచలేదు. అది తెలిశాక ఇంకా ఒంటరి అయిపోయింది.

టీ మూతని ఆయన పక్కనే పెట్టి లేచింది.

"నారింజలు బాగుండేవి మేస్త్రిగారూ," అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. మెట్లు దిగడం మొదలెట్టింది.

"సాయంత్రం వస్తాను," అన్నాడు ఆయన పైనుంచి. "సంతకం పెట్టి ఉంచు."

కింద జనంలో పడేసరికి ఊపిరాడలేదు. అందరూ పైకి చూస్తున్నారు. ఏడుస్తూ వచ్చే మనిషిని చూడటానికి ఎవరికీ తీరిక లేదు. ఆచార్య హనవా మెడలో పట్టు రుమాలుతో నడుమ నిలబడి చేతులు తిప్పుతున్నాడు. ఆఫీసు బట్టల్లో ఉన్న తొమోయెని చూసి సంబరపడిపోయాడు.

"అదిగో, నకలు గీసే ఆవిడ! నాలుగో అంతస్తు గుర్తు చూశారా అమ్మా? కొండేనా?"

జనమంతా అటు తిరిగారు. ఒక్క మాట అంటే చాలు. ఇక్కడే, ఇంతమంది ముందు. కానీ ఆ ఒక్క మాటతో రేపటి పేపర్లో గెంగో దొంగ అవుతాడు. సమాధి కూడా లేని మనిషికి దొంగ అన్న పేరొక్కటే మిగులుతుంది.

"నాకు అలాంటివి తెలియవండీ," అంది తొమోయె. "చూసింది చూసినట్టు గీయడమే నా పని."

"వినయం, వినయం!" అన్నాడు హనవా. జనం నవ్వారు. ఎవరో ఆమె ఫొటో కూడా తీశారు.

షెడ్డు వెనక గేటు దగ్గర జనం లేరు. అక్కడ ఒక లారీ ఆగి ఉంది. బందో అనే కుర్ర డ్రైవరు రెయిన్‌కోటు వేసుకుని కట్లు విప్పుతున్నాడు. కొండల్లోంచి కలప తెచ్చేది అతనే. ఆమెని చూడగానే అట్ట మీద కాగితం చాచాడు.

"అక్కా, దేవుడిలా వచ్చావు. ఒక్క సంతకం పెట్టు. చూరు కింద వేసే ముక్క ఇదొక్కటే. దిగ్గానే పోవాలి, చీకటి పడితే ఆ ఘాట్ రోడ్డు మీద నా వల్ల కాదు."

"ఎక్కణ్ణుంచి?" అంది తొమోయె యథాలాపంగా.

"ఒకుదాని. ఇంకెక్కణ్ణుంచి?"

తొమోయె తలెత్తింది.

"అక్కడ ఎవరున్నారు?"

"నాకేం తెలుసక్కా? షెడ్డుకి ఎప్పుడూ తాళమే. ముక్క బయట పెట్టి ఉంటుంది, ఎక్కించుకొస్తాను. లోపలికి తొంగిచూస్తే కాళ్లు విరగ్గొడతానన్నాడు పెద్ద మేస్త్రి. దయ్యాలు చెక్కుతున్నాయని మా ఆవిడ అంటుంది." నవ్వాడు. తర్వాత ఆమె మొహం చూసి నవ్వు మానేశాడు. "ఏమైందక్కా?"

తొమోయె అప్పటికే లారీ వెనక్కి వెళ్లింది. ముక్క చివర గడ్డి చాప చుట్టి తాడు కట్టారు. ముడి వేళ్లకి లొంగలేదు. పళ్లతో లాగింది. చాప ఊడి వాన నీళ్లలో పడింది. అతుకు కోసం చెక్కిన కొన తెల్లగా, నిన్నగాక మొన్న కోసినట్టు ఉంది. లోపలి వైపు, ముద్ర ఉండాల్సిన చోట, సిరా గుర్తు.

కొండా కాదు, నదీ కాదు. హనవా పుస్తకంలో ఈ గుర్తు లేదు. ఒక గిన్నె, దాని మీద అడ్డంగా పడుకోబెట్టిన ఒక గీత. గీత వంకర పోయింది. గీసిన చెయ్యి నిలకడగా లేదు.

కాపురం మొత్తంలో గెంగో ఆ గుర్తు వేసింది ఏ రెండు మూడు సార్లో. ఒంట్లో బాగోలేనప్పుడు మాత్రమే వేసేవాడు. నోరు చేదుగా ఉంది, ఏదీ సయించడం లేదు, కాస్త గంజి కాచి ఉంచు, అని.

తొమోయె వేలితో తాకింది. వాన జల్లుకి తడిసిన సిరా వేలికి అంటుకుంది. చెక్క లోపలికి ఇంకా ఇంకలేదు కూడా. ఆ వేలిని అలాగే చూస్తూ నిలబడింది. రెండో చలికాలంలో మంచులో పోయాడట. దేవదారుల కింద పాతిపెట్టాడట. మంత్రం కూడా చదివాడట! చచ్చిపోయినవాడు గంజి అడగడు. బతికున్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ తాళం వెనక బతికే ఉన్నాడు. ఇప్పుడు జ్వరంతో పడున్నాడు, నీళ్లిచ్చే దిక్కు కూడా లేదు. సంతోషమో దుఃఖమో తెలియని పెద్ద కేక ఒకటి లోపల్నుంచి తన్నుకొచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఇంక ఆలోచించలేదు. ముక్కని రోలర్ల మీదికి దించడానికి బందోకి తనే పట్టు పట్టింది. కాగితం మీద సంతకం గీకింది. లారీ తలుపు తీసి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

"అక్కా, ఎక్కడికి?" అన్నాడు బందో హడలిపోయి. "ఎవర్నీ ఎక్కించుకోకూడదు. నా ఉద్యోగం పోతుంది!"

"దార్లో బియ్యం దుకాణం దగ్గర ఒక్క నిమిషం ఆపు తమ్ముడూ. ఊరబెట్టిన ఉమె కాయలు కూడా కావాలి. ఒట్టి గంజి ఆయనకి దిగదు."

"ఎవరికి?"

"మా ఆయనకి," అంది తొమోయె. ఆ మాట ఎవరితోనైనా అని ఎన్నాళ్లయిందో. "జ్వరంగా ఉంది."

బందో నోరు తెరిచాడు. అంతలో గోపురం వైపు నుంచి "తొమోయె! తొమోయే!" అని ఒక కేక. నాలుగో అంతస్తు ఎత్తున, షెడ్డు రేకుల్లో వదిలిన ఖాళీ దగ్గర, పరంజా అంచున కురామోచి నిలబడి ఉన్నాడు. వానలో ఆయన మొహం కనపడలేదు. లారీ వెనక పడి ఉన్న చాప ఆయనకి కనపడే ఉంటుంది. చెయ్యి చెవి దగ్గరికి వెళ్లింది.

స్టీరింగు పక్కన బందో ఫోను మోగింది. తెర మీద 'పెద్ద మేస్త్రి' అని వెలిగింది.

"ఎత్తకు," అంది తొమోయె.

ఫోను ఆగింది. వెంటనే మళ్లీ మోగింది. బందో ఒకసారి ఆమెని చూశాడు, ఒకసారి అద్దంలోంచి గోపురాన్ని చూశాడు. ఎత్తాడు.

"చెప్పండి మేస్త్రిగారూ." విన్నాడు. "అవును, నా పక్కనే." చాలాసేపు విన్నాడు. కుర్రాడి మొహంలో రంగు మారింది. "సరే. అలాగే."

ఫోను పెట్టేసి, ఆమె వైపు చూడకుండా, చెయ్యి చాచి ఆమె పక్క తలుపుకి తాళం వేశాడు. లారీ కదిలింది. గేటు దాటి, బియ్యం దుకాణం ఉన్న ఊరి వైపు కాకుండా, కొండల వైపు తిరిగింది.

అవతలి నుంచి ఏం చెప్పారని తొమోయె అడగలేదు. తలుపు ఎందుకు వేశావనీ అడగలేదు. సిరా అంటిన వేలిని గుప్పిట్లో మూసుకుని కూర్చుంది. ఎవరు తీసుకెళ్తేనేం, ఎందుకు తీసుకెళ్తేనేం, ఆ తాళం దాకా తీసుకెళ్తే చాలు.